ఎంబసీ వాళ్లు స్టెప్పులేస్తే ఏమొస్తుంది?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

విదేశీ రాయబార కార్యాలయాలు ఎక్స్ (పాత పేరు ట్విట్టర్), ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో చేసే హడావుడి గురించి ఈమధ్య చాలా ఉత్తరాలు వచ్చాయి. కొన్నిటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం.

• 2023లో ఢిల్లీలోని కొరియా ఎంబసీ వాళ్లు ‘నాటు నాటు’కు డాన్స్ చేసిన వీడియో మా మనవడు చూపించాడు. ముచ్చటగానే ఉంది. కానీ రాయబారులకు ఇంకేం పని లేదా? దీనివల్ల వాళ్ల దేశానికి ఏం ఒరుగుతుంది?
– రిటైర్డ్ హెడ్మాస్టర్, తెనాలి

పని లేక కాదు మాస్టారూ, అదీ పనిలో భాగమే. పరాయి దేశంలో రాయబారికి రెండు పనులు. ఆ దేశ ప్రభుత్వంతో మాట్లాడటం ఒకటి, అది తలుపులు మూసుకుని జరుగుతుంది. ఆ దేశపు జనంతో మాట్లాడటం రెండోది. దాన్నే ప్రజా దౌత్యం అంటున్నారు. పేరు కొత్తదేమో గానీ పని పాతదే. మీ తరానికి ‘సోవియట్ భూమి’ గుర్తుండే ఉంటుంది. సోవియట్ రాయబార కార్యాలయపు సమాచార విభాగం తెలుగులో వేయించి ఊరూరా పంపిన పత్రిక అది. దాని నున్నటి కాగితం బడిపిల్లల పుస్తకాలకు అట్టలుగా భలే పనికొచ్చింది. ఎన్ని కాపీలు పోయాయన్న లెక్క వేరు, ఎంతమంది చదివారన్న లెక్క వేరు. ఇప్పటి వ్యూలు, లైకుల సంగతీ అంతే.

కొరియా వాళ్ల వీడియో ఫిబ్రవరి చివర్లో వచ్చింది, ఆ పాటకు ఆస్కార్ రావడానికి సుమారు రెండు వారాల ముందు. రాయబారి చాంగ్ జే-బోక్ కూడా సిబ్బందితో కలిసి అడుగులేశారు. మన ప్రధాని మెచ్చుకుంటూ తన ఖాతాలో పంచుకున్నారు. మార్చిలో జర్మనీ రాయబారి ఫిలిప్ అకర్‌మన్ తన బృందంతో పాత ఢిల్లీలో అదే పాటకు ఆడారు. కొరియాకు ఢిల్లీలో ఒక ఎంబసీ ఉందన్న ఆలోచనే లేని ఇంట్లో మనవడు దాన్ని తాతకు చూపించాడు చూడండి, ఒరిగింది అదే.

పాట ఎంపికలోనే ఉంది తెలివంతా. వాళ్లు తమ పాట మోసుకురాలేదు, మన పాట ఎత్తుకున్నారు. 2021 ఆగస్టులో బ్రిటిష్ హైకమిషనర్ అలెక్స్ ఎల్లిస్‌దీ ఇదే దారి. బెంగళూరులో మసాలా దోసెను కత్తీ ఫోర్కులతో తింటున్న ఫొటో పెట్టారు. దోసెకు ఫోర్కేమిటని కింద జనం గోల. ఆయన సమర్థించుకోలేదు. చేత్తో తినాలా, ఫోర్కుతోనా అని ఓటింగు పెట్టారు. 92 శాతం మంది చెయ్యే అన్నారు. వెంటనే చేత్తో తింటూ వీడియో పెట్టి, మీరన్నదే నిజం, చేత్తోనే రుచిగా ఉందని రాశారు. తప్పు దొరికినప్పుడు జనంతో కలిసి నవ్వడం ఎంబసీలకు అంత సులువుగా వచ్చే విద్య కాదు.

అయితే డాన్సు ఒక్కసారే పనిచేస్తుంది. దాన్ని చూసి ఖాతాను ఫాలో అయినవాడికి మర్నాటి నుంచీ పుష్పగుచ్ఛాలు ఇచ్చిపుచ్చుకునే ఫొటోలే కనిపిస్తే, ఇంకెప్పుడూ అటు చూడడు. స్కాలర్‌షిప్ గడువు, వీసా స్లాట్లు, ఫీజు మార్పు, సెలవు రోజులు – ఇవి చెప్పే ఖాతాకే మళ్లీ మళ్లీ వస్తాడు.

• ఆ పోస్టులు రాసేదెవరు? రాయబారేనా? ఒక పోస్టు బయటికి రావడానికి ఎన్ని చేతులు మారుతుంది?
– ఎం.ఏ. రాజనీతిశాస్త్రం విద్యార్థిని, వరంగల్

మన రాయబార కార్యాలయాల్లో ప్రెస్, సమాచారం, సంస్కృతి చూసే అధికారి ఒకరుంటారు. సాధారణంగా ఫస్ట్ సెక్రటరీ లేదా సెకండ్ సెక్రటరీ హోదా. చిన్న దేశాల్లోనైతే ఆ అధికారే వీసాలూ వాణిజ్యమూ కూడా చూసుకోవాలి. ఖాతా రోజుల తరబడి నిద్రపోతోందంటే కారణం తరచు ఇదే. ఢిల్లీలో విదేశాంగ శాఖకు ప్రజా దౌత్య విభాగం 2006లో వచ్చింది, 2010లో ట్విట్టర్‌లో అడుగుపెట్టింది. 2011 ఫిబ్రవరిలో లిబియా నుంచి మనవాళ్లను తరలించినప్పుడు ఆ ఖాతా అసలు ఉపయోగం బయటపడింది. తర్వాత ఆ విభాగాన్ని విదేశీ ప్రచార విభాగంలో కలిపేశారు. ఢిల్లీ ఇచ్చే పెద్ద ప్రకటనలను ఎంబసీలు ఉన్నదున్నట్టు పంచుకుంటాయి. స్థానిక విషయాలు సొంతంగా రాసుకుంటాయి.

బాగా నడిచే చోట వరస ఇలా ఉంటుంది. అధికారి చిత్తుప్రతి రాస్తారు. ఆ దేశంలోనే పుట్టి పెరిగిన స్థానిక ఉద్యోగి దాన్ని అక్కడి భాషలోకి మారుస్తారు, మార్చి ఊరుకోకుండా ‘ఈ మాట ఇక్కడ ఇంకోలా వినిపిస్తుంది’ అని హెచ్చరిస్తారు కూడా. దాన్ని రాయడంలో చెయ్యి పెట్టని మరొకరు ఒకసారి చదువుతారు. రాజకీయంగా సున్నితమైనదైతే రాయబారో, ఆయన తర్వాతి అధికారో సరే అనాలి. పోస్టు పడ్డాక మొదటి గంట ఎవరో ఒకరు కింద వచ్చే ప్రశ్నలు చూస్తూ ఉండాలి. ఎక్కువమంది ఎగ్గొట్టేది ఈ చివరి మెట్టే. పోస్టు పెట్టి, లాగౌట్ అయి, భోజనానికి వెళ్లిపోతారు.

వేళ కూడా చూసుకోవాలి. సౌదీ, కువైట్‌లలో శుక్ర, శనివారాలు సెలవు. యూఏఈ 2022 జనవరి నుంచి శని, ఆదివారాలకు మారింది, శుక్రవారం సగం పూట పని. గల్ఫ్ అంతటికీ ఒకే టైంటేబుల్ పెట్టుకున్న ఖాతా ఎక్కడో ఒకచోట ఖాళీ గదిలో మాట్లాడుతున్నట్టే.

ఇక భాష కొలత. ఎక్స్‌లో ఉచిత ఖాతాకు ఒక్కో పోస్టు పరిమితి 280 గుర్తులు. ఇంగ్లిష్‌లో అయితే ఒక అక్షరానికి ఒకటి. చైనీస్, జపనీస్, కొరియన్ అక్షరాలకు రెండేసి, అంటే 140తో సరి. తెలుగు అక్కడ ఒక్కొక్క గుర్తుగా విడిపోతుంది. ‘స్త్రీ’ మనకు ఒకే అక్షరం. యంత్రానికి మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం – ఆరు. అందుకే హైదరాబాద్ వాళ్ల కోసం ఇంగ్లిష్ పోస్టును తెలుగు చేస్తే తోక తెగుతుంది. అనువదించకుండా మొదటి నుంచీ తెలుగులోనే పొట్టిగా రాసుకోవడం తప్ప దీనికి మందు లేదు.

• ఆతిథ్య దేశాన్ని విమర్శిస్తూ ఎంబసీ పోస్టు పెట్టవచ్చా? చట్టం ఏమంటుంది?
– లా విద్యార్థి, విశాఖపట్నం

1961 నాటి వియన్నా ఒప్పందం చూడండి. 3వ అధికరణం స్నేహ సంబంధాలు పెంచడం, ఆర్థిక, సాంస్కృతిక, వైజ్ఞానిక సంబంధాలు అభివృద్ధి చేయడం రాయబార కార్యాలయం విధి అంటుంది. జనంతో మాట్లాడటానికి ఆధారం అదే. 41వ అధికరణం ఆ దేశపు అంతర్గత వ్యవహారాల్లో తలదూర్చకూడదంటుంది. పేచీ వస్తే 9వ అధికరణం సిద్ధంగా ఉంటుంది: ఆతిథ్య దేశం కారణం చెప్పకుండానే ఏ దౌత్యాధికారినైనా వెళ్లిపొమ్మనవచ్చు. ట్వీట్ల ఊసు 1961లో ఎవరికీ లేదు కాబట్టి గీత ఎక్కడన్నది ఒక్కో కేసులో తేలాల్సిందే. రెండు కేసులు పక్కపక్కన పెడితే మీకే అర్థమవుతుంది.

మొదటిది బీజింగ్. అక్కడి అమెరికా ఎంబసీ 2008లో తన ఆవరణలో గాలి నాణ్యత కొలిచే యంత్రం పెట్టి, గాలిలోని అతి సన్నటి ధూళి (పీఎం 2.5) ఎంతుందో గంటగంటకూ ట్విట్టర్‌లో వేయడం మొదలుపెట్టింది. వ్యాఖ్య లేదు, విమర్శ లేదు, అంకె ఒక్కటే. సూచిక కొలబద్ద 500తో ఆగిపోతుంది. 2010 నవంబరులో ఒకరోజు కాలుష్యం అదీ దాటేసింది. అంతెత్తుకు ఎన్నడూ పోదులే అనుకుని ప్రోగ్రాం రాసినవాళ్లు సరదాగా పెట్టిన ‘పిచ్చి దరిద్రంగా ఉంది’ అనే అర్థం వచ్చే ఇంగ్లిష్ మాట దానంతటదే పోస్టయిపోయింది. ఎంబసీ నాలుక కరుచుకుని, ‘సూచిక దాటింది’ అనే పొడి మాటకు మార్చుకుంది. చైనాలో ట్విట్టర్ నిషేధమే అయినా, ఆ అంకెలు ఇతర యాప్‌ల ద్వారా జనం ఫోన్లలోకి చేరాయి. 2012 జూన్‌లో చైనా పర్యావరణ శాఖ ఉపమంత్రి వూ షియావోచింగ్ ఇది వియన్నా ఒప్పందానికి విరుద్ధం, ఆపాలి అన్నారు. మా సిబ్బంది, మా పౌరుల ఆరోగ్యం కోసం అని అమెరికా సమాధానం. ఆపలేదు. అదే ఏడాది నుంచి బీజింగ్ నగరం తన పీఎం 2.5 అంకెలు తానే ప్రకటించడం మొదలుపెట్టింది. ఇలాంటి యంత్రాలు మన దేశంలో ఢిల్లీ, ముంబయి, చెన్నై, కోల్‌కతాతో పాటు హైదరాబాద్ కాన్సులేట్‌లో కూడా ఉండేవి. 2025 మార్చిలో ప్రపంచమంతటా ఆ సమాచారం పంచుకోవడం అమెరికా మానేసింది. పదిహేడేళ్ల నమ్మకాన్ని ఒక్క ఉత్తర్వుతో వదిలేసుకున్నారని ఈ శీర్షిక అభిప్రాయం.

రెండోది సౌదీ రాజధాని రియాద్. 2018 ఆగస్టులో హక్కుల కార్యకర్త సమర్ బదావీ, ఇతరుల అరెస్టులపై కెనడా విదేశాంగ శాఖ ఇంగ్లిష్‌లో ట్వీట్ చేసింది, వారిని ‘వెంటనే విడుదల చేయాలి’ అంటూ. ఇంగ్లిష్‌లో ఉన్నంతసేపూ అది కెనడా రాజధాని ఒట్టావా మాట. రెండు రోజులకు రియాద్‌లోని కెనడా ఎంబసీ దాన్నే అరబ్బీలో పెట్టింది. ఇక అది రాజుగారి వీధిలో నిలబడి, ఆయన ప్రజల భాషలో, ఆయనకు ఆజ్ఞ జారీ చేసినట్టయింది. సౌదీ ప్రకటన ప్రత్యేకంగా ఎత్తి చూపింది కూడా ఆ ‘వెంటనే’నే. కెనడా రాయబారి డెనిస్ హోరక్‌కు దేశం విడవడానికి సౌదీ 24 గంటల గడువిచ్చింది. తన రాయబారిని వెనక్కి పిలిచింది, కొత్త వాణిజ్యం ఆపేసింది, కెనడాలో స్కాలర్‌షిప్‌పై చదువుతున్న సౌదీ విద్యార్థులను వెళ్లిపొమ్మంది. రాయబారుల స్థాయి సంబంధాలు తిరిగి 2023 మే దాకా కుదరలేదు. కెనడా అడిగింది తప్పని కాదు. కానీ ‘వెంటనే’ లాంటి మాట ఇంగ్లిష్ దౌత్య భాషలో మామూలు ముక్క, అరబ్బీలోకి వచ్చేసరికి హుకుం. ఆ తేడా పట్టుకోవాల్సింది అనువాదం చేసే కుర్చీలోనే.

• మా తమ్ముడు గల్ఫ్‌లో ఉన్నాడు. ఏడు నెలలుగా జీతం లేదు, పాస్‌పోర్టు యజమాని దగ్గరే ఉంది. ఎంబసీని ట్యాగ్ చేసి ఎక్స్‌లో పెడితే పని అవుతుందంటున్నారు. ఎలా పెట్టాలండీ?
– జగిత్యాల జిల్లా పాఠకుడు

పెట్టొచ్చు, కానీ అది మొదటి పని కాదు. సుష్మా స్వరాజ్ విదేశాంగ మంత్రిగా ఉన్నప్పుడు ఒక్క ట్వీట్‌తో కదిలిన కేసుల వల్ల ఈ నమ్మకం బలపడింది. అంగారక గ్రహం మీద చిక్కుకున్నా అక్కడి భారత ఎంబసీ ఆదుకుంటుందని ఆవిడ 2017లో సరదాగా రాశారు కూడా. కానీ ట్వీట్ కాగితం కాదు. మనుషులు మారితే మరుగున పడుతుంది. కాబట్టి ముందు విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. పాస్‌పోర్టు నంబరు, కంపెనీ పేరు, ఊరు, క్యాంపు చిరునామా, తమ్ముడి స్థానిక ఫోను, జీతం ఎప్పటి నుంచి ఆగిందో తేదీ, ఒప్పంద పత్రం ఉంటే దాని కాపీ – ఇవన్నీ అక్కడ ఇవ్వాలి. మీకొక నమోదు సంఖ్య వస్తుంది.

ఆ సంఖ్య చేతికొచ్చాకే ఎక్స్‌లో రాయండి. నాలుగు ముక్కలు చాలు: ఏ దేశం, ఏ ఊరు, సమస్య ఒక్క వాక్యంలో, మదద్ సంఖ్య. ఎంబసీ ఖాతానూ, విదేశాంగ శాఖనూ ట్యాగ్ చేయండి. పాస్‌పోర్టు ఫొటో మాత్రం పెట్టొద్దు. ఆ ఫొటో ఏరుకునే మోసగాళ్లు గంటలోపు మీ ఇన్‌బాక్స్‌లో ఉంటారు, ‘ఎంబసీ హెల్ప్’ అనే పేరుతో, డబ్బు అడుగుతూ. అసలు ఖాతా గుర్తుపట్టడానికి ఎక్స్‌లో ప్రభుత్వ ఖాతాలకు బూడిద రంగు టిక్ ఉంటుంది. నీలం టిక్ డబ్బు కట్టి ఎవరైనా కొనుక్కోవచ్చు. రంగు ఒక్కటే చూసి ఊరుకోకండి, ఎంబసీ వెబ్‌సైట్ తెరిచి అక్కడున్న లింకు నొక్కి ఖాతాకు వెళ్లండి. పాస్‌పోర్టు వివరాలు ఎంబసీ అడిగితే వ్యక్తిగత సందేశంలోనే ఇవ్వాలి.

ఇంకో జాగ్రత్త ముఖ్యం. యజమానిని తిడుతూ, క్యాంపులో తోటివాళ్ల మొహాలు కనిపించేలా తమ్ముడు అక్కడి నుంచి వీడియో తీసి పెడితే, కేసు తమ్ముడి మీద పడే ప్రమాదం ఉంది. యూఏఈలో 2021 నాటి సైబర్ నేరాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఇతరుల ఫొటోలు తీసి పంచడం, ఆన్‌లైన్‌లో దూషించడం నేరాలే. పెట్టేది మీరు ఇక్కడి నుంచి పెట్టండి, తిట్లు లేకుండా పెట్టండి. తమ్ముడు దుబాయ్, రియాద్, జెద్దాలకు దగ్గర్లో ఉంటే అక్కడి ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి ఫోను చేయమనండి.

• 2022లో మా అమ్మాయి ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో మెడిసిన్ చదువుతుండేది. ఎంబసీ సందేశాలు ఒకసారి మెత్తగా, ఒకసారి ఉరుములా వచ్చేవి. ఆపత్కాలంలో సందేశం ఎలా ఉండాలి?
– తల్లి, రాజమహేంద్రవరం

మీరన్నది నిజం, అక్కడ రెండు రకాలూ కనిపించాయి. ఫిబ్రవరి 15న కీవ్‌లోని మన ఎంబసీ సందేశం ‘ఉండటం తప్పనిసరి కాని విద్యార్థులు తాత్కాలికంగా వెళ్లే విషయం ఆలోచించవచ్చు’ అన్న ధోరణిలో ఉంది. ‘ఆలోచించవచ్చు’ అంటే హాజరు పోతుందని భయపడే విద్యార్థి ఆగిపోతాడు. ఆన్‌లైన్ క్లాసులపై యూనివర్సిటీ చెప్పేదాకా ఎదురుచూడొద్దన్న స్పష్టత 22న వచ్చింది. 24న యుద్ధం మొదలైంది.

మార్చి 2 నాటి ఖార్కివ్ సందేశం పూర్తిగా వేరు. వెంటనే ఊరు వదలండి, పెసోచిన్, బబాయె, బెజ్ల్యుదోవ్కా అనే మూడు చోట్లకు ఉక్రెయిన్ సమయం సాయంత్రం 6 గంటలకల్లా చేరండి, వాహనం దొరక్కపోతే నడిచైనా వెళ్లండి – 11, 12, 16 కిలోమీటర్లు. చోటు, గడువు, ఏ దేశపు గడియారం, దూరం, ప్రత్యామ్నాయం, అన్నీ ఉన్నాయి. భయపెట్టింది, కానీ ఏం చేయాలో చెప్పింది. అందులో ఒక చిన్న ఇబ్బంది ఉంది: ఆ పేర్లు రష్యన్ ఉచ్చారణలో రాశారు. ఉక్రెయిన్ మ్యాపులో మొదటి ఊరు ‘పిసోచిన్’. ఫోనులో వెతికే అమ్మాయికి ఒక్క అక్షరం తేడా కూడా నిమిషాలు తినేస్తుంది. స్థానిక లిపిలో పేరు, పక్కన మ్యాపు లింకు ఉండాల్సింది.

ఎంబసీలు మానుకోవాల్సిన ఇంకో అలవాటు, లెటర్‌హెడ్ మీద టైపు చేసిన సూచనను ఫొటో తీసి పెట్టడం. బేస్‌మెంట్‌లో సిగ్నల్ లేనప్పుడు బొమ్మ తెరుచుకోదు, నాలుగు వాక్యాల పాఠం తెరుచుకుంటుంది. బొమ్మలోని హెల్ప్‌లైన్ నంబరును వేలితో నొక్కి ఫోను చేయడం కుదరదు. చూపు లేనివారి ఫోను దాన్ని చదివి వినిపించలేదు. పాత సందేశం రద్దయితే ఆ సంగతి కొత్తదాని మొదటి లైన్లో, తేదీ, సమయంతో చెప్పాలి. వాట్సాప్ గ్రూపుల్లో నిన్నటి సూచన ఇవాళ్టిదై తిరుగుతుంటుంది కదా!

• నచ్చని కామెంట్లు వస్తే మూసేయడమో, పోస్టు తీసేయడమో చేస్తే సరిపోదా?
– జర్నలిజం విద్యార్థి, హైదరాబాద్

తీసేస్తే అదే వార్త అవుతుంది. 2013 ఏప్రిల్‌లో కైరోలోని అమెరికా ఎంబసీ, ఈజిప్టు వ్యంగ్యకారుడు బాసెమ్ యూసుఫ్‌పై కేసును ఎగతాళి చేసిన ఒక అమెరికన్ టీవీ షో లింకును ట్వీట్ చేసింది. ఈజిప్టు అధ్యక్ష కార్యాలయం ట్విట్టర్‌లోనే మండిపడింది. ఎంబసీ కంగారులో ఖాతా మొత్తాన్నే మాయం చేసి, కాసేపటికి ఆ ఒక్క ట్వీట్ లేకుండా తిరిగొచ్చింది. మొదట ట్వీట్ చూడనివాళ్లు కూడా అప్పుడు వెతుక్కుని చూశారు.

కామెంట్లు తెరిచి ఉంచితే ఏమవుతుందో చెప్పడానికి జిరాఫీ చాలు. 2024 ఫిబ్రవరిలో బీజింగ్‌లోని అమెరికా ఎంబసీ వీబోలో (ఎక్స్ లాంటి చైనా వేదిక) జిరాఫీల సంరక్షణ గురించి ఒక సాదా పోస్టు పెట్టింది. ఆ రోజుల్లో చైనా షేర్ మార్కెట్ కుప్పకూలుతోంది, తిట్టుకోవడానికి జనానికి చోటు లేదు. ఆ జిరాఫీ కింద లక్షకు పైగా కామెంట్లు వచ్చిపడ్డాయి, చాలావరకు పోగొట్టుకున్న డబ్బు గురించే. ఎంబసీ ఒక్క మాటా అనలేదు. అనకపోవడమే సరి, అంటే జోక్యమయ్యేది. బూతులు, వ్యక్తిగత వివరాలు తీసేస్తాం, మిగతావి ఉంచుతాం అని ఖాతా పరిచయంలోనే ముందుగా రాసి పెట్టుకున్న ఎంబసీకి ఇలాంటి రోజున చేతులు వణకవు.

• అమెరికా ఎంబసీ తన ఖాతాలో వీసా గురించి పెట్టేవన్నీ చట్టమేనా? అబ్బాయి ఎఫ్-1కు సిద్ధమవుతున్నాడు.
– పాఠకురాలు, గుంటూరు

చట్టం కాదు, చట్టం గురించిన కబురు. కబురు నిజమో కాదో వెబ్‌సైట్‌లో సరిచూసుకోవాలి. కొన్ని మాత్రం తప్పక పట్టించుకోవాల్సినవి. ఎఫ్, ఎం, జె వీసాలకు (చదువుకు, ఎక్స్‌చేంజ్ కార్యక్రమాలకు ఇచ్చేవి) దరఖాస్తు చేసేవారు తమ సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనిపించేలా పెట్టాలని 2025 జూన్‌లో చెప్పారు. డీఎస్-160 అనే వీసా దరఖాస్తు ఫారంలో గత అయిదేళ్లలో వాడిన ఖాతాల పేర్లు 2019 నుంచే అడుగుతున్నారు. వాడటం మానేసిన ఖాతా కూడా ఆ అయిదేళ్లలోదైతే రాయాలి. దాచి దొరికితే, పోస్టులో ఏముందన్న దానికంటే దాచారన్నదే పెద్ద సమస్య అవుతుంది. 2025 మార్చిలో బాట్లతో (మనిషి బదులు తమంతట తామే పనిచేసే ప్రోగ్రాంలు) బుక్ చేసిన సుమారు 2,000 అపాయింట్‌మెంట్లు రద్దు చేస్తున్నట్టు ఇదే ఎంబసీ తన ఖాతాలో ప్రకటించింది. కాబట్టి ‘స్లాట్ మేం పట్టిస్తాం’ అనే ఏజెంటుకు డబ్బు కట్టే ముందు ఆ పోస్టు ఒకసారి చదవండి.